డెబ్బై ఏడు మెట్లు

రోహిణి కార్తె.
కొండమల్లేపల్లి దాటినంక తారు మెత్తబడి
బండి టైరును కొంచెం కొంచెం నాకుతుంది.
నా వెనక, తాడుతోటి కట్టిన డబ్బాల
సున్న కింద నూట తొంభై ఆరు డిగ్రీల చలి.
దాన్ని మోసుకపోతున్న నాకు
చెమట కండ్లల్ల పడి తొవ్వ కనిపిస్తలేదు.

ఊర్లల్ల నన్ను సూది డాక్టరంటరు. డాక్టర్ను కాను.
డిగ్రీ రెండో ఏడే ఆగిన,
ఫిజిక్సుల ముప్పై ఒకటి వచ్చినోన్ని.
బర్రె ఎదకొచ్చిందని ఫోనొస్తే
మూత తీసి, పొగల చిమటా పెట్టి
గడ్డిపరకంత గొట్టంల నిద్రపోతున్న దూడను
మెల్లగ పైకి తీస్తా.
మొదటి ఏడు చూపుడువేలు కాలింది ఈ చలికే.
పెనం అంటుకున్నట్టే బొబ్బ.
వెన్న రాసుకుంట అమ్మ అడిగింది,
"సల్లటిది గూడ కాలుస్తదా బిడ్డా?"

దేవరకొండ కాలేజీల ఉమాపతి సారు
కరెంటు పోయినప్పుడే మంచిగ చెప్పేటోడు.
ఫ్యాను ఆగంగనే సుద్దముక్క పక్కకు పెట్టి
"చలి అనేది ఏం లేదురా,
ఉన్నది ఉరుకులాట ఒక్కటే.
అది తగ్గుతే చలి. మొత్తం తగ్గుతే సున్న.
ఆ సున్న మాత్రం ఎవ్వనికీ దొరకదు" అనేటోడు.

దిగుడు బావి అనుకో.
నా డబ్బాల నత్రజని ఉన్న కాడికెల్లి
అడుగుకు ఇంకా డెబ్బై ఏడు మెట్లు.
నాలుగో మెట్టు కాడ హీలియం నీళ్లయితది.
దాని ఆవిరిని పంపుతోటి గుంజుకుంట పోతే
ఒకటో మెట్టు.
ఇగ అయిపోయిందనుకుంటం.
రెండు రకాల హీలియం ఒకదాంట్ల ఒకటి కలుపుతరట.
కలిసేటప్పుడు అవి చుట్టుపక్కల ఉడుకును తాగుతయట.
ఆ ఒక్క మెట్టే వెయ్యి ముక్కలయి
ఇంకా కిందికి ఇంకా కిందికి.

"వెలుగుతోటి గూడ సల్లబెడ్తరు" అన్నడొకనాడు.
క్లాసంత నవ్వింది. కిటికీ అవుతల
నలభై ఆరు డిగ్రీల వెలుగు.
సారు నవ్వలే.
అణువు ఎటు ఉరుకుతే అటునుంచే
వెలుగు రవ్వ ఎదురొచ్చి రొమ్ముకు తాకాలె.
ఒక్కటి తాకితే ఏం కాదు. వేలు తాకాలె.
పగ్గం తెంపుకున్న కోడెను
ఆరు దిక్కుల నిలవడి
జొన్న గింజలు ఇసిరి ఇసిరి ఆపినట్టు.

ఆగినయాటిని అయస్కాంతం దొడ్లె పెట్టి
దడి కొంచెం కొంచెం దించుతరు.
ఎగిరే పోతులు ముందుగాల దుంకి పోతయి.
ఉన్నయి నెమ్మదిస్తయి.
మళ్ల దించుతరు.

డిండి తొవ్వల రేకుల షెడ్డు కింద
కుమ్మరి బుచ్చమ్మకు ఈ ముచ్చట చెప్తే
రంజన్ మీద చెయ్యేసి చూపించింది.
"గిదే గదా. ఉడుకు నీళ్లు చెమటై పోతయి,
సల్లటియి ఉంటయి.
చెమట పట్టని రంజను దండుగ.
దానికి కాలేజీ ఎందుకు?"
ఒక గ్లాసు తాగిన. ఇంకో గ్లాసు తాగిన.

మా ఊరిని గూడ గిట్లనే చెప్పుదామనుకున్న.
ఉడుకు నెత్తురోళ్లు పుణె బస్సెక్కిన్రు,
మిగిలినోళ్లు సల్లబడ్డరని.
చెప్పినంత సేపు మంచిగనే ఉండె.
తెల్లారి ట్యాంకరు కాడ బిందె జరిపినందుకు
డెబ్బై ఏండ్ల సాయమ్మ సర్పంచి మీదికి చెప్పు తీసింది.
ఆ పోలిక కొట్టేసిన.

తండాల కేతావత్ హంసి బర్రె
వేపచెట్టుకు కట్టేసుంది.
గొట్టాన్ని గోరువెచ్చని నీళ్లల్ల వేసి
ముప్పై లెక్కపెట్టిన.
ఎన్నేండ్ల కిందనో ఆగిన ఉరుకులాట
ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది...

పోయేముందు స్కేలు డబ్బాల ముంచి తీస్తా.
తెల్లగ మంచు పట్టిన కాడికి నత్రజని.
నాలుగు వేళ్లుంది. మొన్న ఐదుండె.
మూత బిగించొద్దు, బిగిస్తే పేలుతది,
పోయేది పోవుడే.

హంసి బిడ్డ దగ్గరకొచ్చి
"ఐసుక్రీమా?" అనడిగింది.
స్కేలును కొద్దిసేపు ఎండకు పట్టి
మిగిలిన మంచును దాని అరచేతిల గీకిన.
చూసేలోపే తడి.
ఆ తడిని మొకానికి రుద్దుకొని
ఇంకింత, అన్నది.